మైకు బాబాయి మాట్లాడని సభ

ఆయన్ని చూడడానికి చాలా ఏళ్ళ ముందు నుంచే ఆయన నాకు తెలుసు. రాయగడలో నా ఈడు వాళ్ళందరికీ అంతే. పొద్దున్నే నిద్ర పూర్తిగా వదలక, దుప్పట్లోంచి కాలు బయట పెట్టాలా వద్దా అని ఆలోచిస్తూ పడుకున్న వేళ, ఎక్కడో నాలుగు వీధుల అవతల నుంచి ఒక గొంతు వచ్చేది. ముందు మాటలు తెలిసేవి కావు. మంచులో ఎవరో నడిచి వస్తున్నట్టు గొంతొక్కటే వచ్చేది. దగ్గర పడేకొద్దీ దానికి ముక్కూ ముఖమూ ఏర్పడి, సరిగ్గా మా గుమ్మం ముందు "రేపు కుళాయి నీళ్ళు రావు, ఈ రోజే పట్టుకొనవలెను" అనేది. ముందు ఒడియాలో, తర్వాత తెలుగులో. ఆపైన నాగావళి వైపు వెళ్ళిపోతూ మళ్ళీ మాటలు కరిగిపోయి, గొంతు మిగిలి, కాసేపటికి అదీ పోయేది. ఆ గొంతు కొండది అనుకునేదాన్ని నేను. మా ఊరి చుట్టూ కొండలే కదా, వాటిలో ఒకటి పొద్దున్నే లేచి మాకు నీళ్ళ సంగతి చెబుతోందని నా నమ్మకం. "కొండేటే, నీ మొగం, మునిసిపాలిటీ ఆటో అది" అని మా అమ్మ ఎన్నిసార్లు నవ్వినా నేను మార్చుకోలేదు. ఆ మాటకొస్తే ఇప్పటికీ పూర్తిగా మార్చుకోలేదు.

పోయిన వారం ఆయన పోయాడు. పొద్దున్న లేపడానికి వెళ్ళిన ఆయన భార్యకి, మేము పిన్ని అనే ఆవిడకి, పలకలేదు. "మాటా పలుకూ లేకండా ఎలిపోయేడమ్మి, నాతోటైనా ఒక్క ముక్క సెప్పలేదు" అని ఆవిడ ఏడుస్తుంటే, ఊరంతటికీ అన్నీ చెప్పిన మనిషి కదా అని చూడవచ్చిన వాళ్ళు మరింత బాధపడ్డారు. నాకు మాత్రం అందులో వింత కనిపించలేదు. ఆఖరి ఏళ్ళలో ఆయన కష్టపడి నేర్చుకున్న విద్య మాట్లాడకుండా ఉండడమే. ఎందుకు నేర్చుకోవలసి వచ్చిందో పక్కనుండి చూసినదాన్ని కనుక రాస్తున్నాను. పేరు రాయను. రాసినా మా ఊళ్ళో సగం మందికి ఎవరో తెలియదు. మైకు బాబాయి అంటే మాత్రం పసిపిల్లలు కూడా ఇల్లు చూపిస్తారు.

చదువయ్యాక నేను ఒక చిన్న సంస్థలో చేరాను. కొండల మీద కరెంటు స్తంభాలు చేరని ఊళ్ళకీ, స్తంభాలు చేరినా కరెంటు చేరని ఊళ్ళకీ సోలారు పలకలో, వాగు నీటితో తిరిగే యంత్రాలో పెట్టించడం మా పని. వాటికి యజమాని మేమూ కాదు, ప్రభుత్వమూ కాదు, ఊరే. ఊరే నడుపుకోవాలి, పాడైతే ఊరే బాగుచేయించుకోవాలి. అందుకని యంత్రం కంటే ముందు జనం ఒకచోట కూర్చుని మాట్లాడుకోవాలి. యంత్రమంటే లారీ ఎక్కించి తెచ్చేయవచ్చు. జనాన్ని తేవడం ఎలాగో మాకెవరికీ తెలియదు. మునిసిపాలిటీ పనిలోంచి దిగిపోయి ఖాళీగా ఉన్న మైకు బాబాయిని పెట్టుకోమని సలహా ఇచ్చింది మా నాన్న. మా చింతపండు టోకు కొట్టు అరుగు మీద ఆయన రోజూ పేపరు చదివి పెట్టేవాడట.

మర్నాడు మా ఆఫీసు గుమ్మంలోకి ఒక బక్కపలచని మనిషి వచ్చాడు. తలకి మంకీ క్యాపు, చంకలో గొడుగు. "అమ్మి, ఇక్కడ గొంతు కావాలన్నారంట" అన్నాడు. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. నా చిన్నప్పటి కొండ గొడుగు పట్టుకుని నా ఎదురుగా ఉంది.

మాట మొదలుపెట్టే ముందు ఆయన ఎడమ చెవిని అరచేత్తో మూసుకునేవాడు. ఎదురుగా ఏదుంటే దాన్ని రెండుసార్లు తట్టి ఫూ అని ఊదేవాడు. టీ గ్లాసుని తట్టి ఊదేవాడు, సెల్‌ఫోనుని తట్టి ఊదేవాడు. ఒకసారి కల్యాణసింగ్‌పూర్‌లో బ్యాంకు కౌంటరు అద్దాన్ని తట్టి ఊదితే లోపల కూర్చున్న గుమాస్తా ఉలిక్కిపడి లేచాడు. ఇక ఏ మాటైనా తిప్పి తిప్పి చెప్పడం. ఇంట్లో కూడా "అన్నం పెట్టు, అందరూ గమనించాల, అన్నం పెట్టు" అంటాడని పిన్ని వెక్కిరించేది. "ఒకపాలి సెప్తే సాల్దేటి, నానేటి సెవిటిదాన్నా?" అని కసిరేది. ఆయన నొచ్చుకునేవాడు కాదు.

"ఆటో కదిలిపోతా ఉంటాది కదమ్మి" అని నాకు విడమరిచి చెప్పాడు. "ఒక్కో గుమ్మానికీ పూర్తి మాట అందాల. సగం మాట ఇచ్చీసి ఎలిపోతే, మిగతా సగం ఆ ఇంటోలు ఆలే అల్లీసుకుంటారు. నీలు రావంటే నాగావళే ఎండిపోనాదంటారు."

ఇంకో సంగతి చెబితే నవ్వుతారు. కరెంటు సభలకు జనాన్ని పిలిచే ఈ మనిషికి కరెంటంటే చచ్చేంత భయం. స్విచ్చి వేయాలంటే చెప్పులు తొడుక్కుని, చెయ్యి లుంగీకి తుడుచుకుని, ముఖం పక్కకి తిప్పుకుని వేసేవాడు. ఎండలో సోలారు పలక మెరుస్తుంటే చుట్టూ తిరిగి పోయేవాడే కానీ పక్కనుంచి నడిచేవాడు కాదు. "అది కరవదు బాబాయ్" అంటే, "కరిసీదాకా ఏదీ కరవదమ్మి" అనేవాడు.

పద్మపూర్ దగ్గర ఒక ఊళ్ళో మా మొదటి పెద్ద సభ పెట్టాం. అక్కడ నేను ఆయన గొంతుని మొదటిసారి దగ్గరగా, పూర్తిగా విన్నాను. మైకు తట్టాడు, ఊదాడు, చెవి మూసుకున్నాడు. ఏం చెప్పాడని అడిగితే ఇప్పుడు ఒక్క వాక్యం కూడా సరిగ్గా చెప్పలేను. సాయంత్రం ఇల్లు చేరిన మనిషికి గుమ్మంలో వెలుతురు ఎదురొస్తే ఎలా ఉంటుందో చెప్పినట్టు గుర్తు. మిట్టమధ్యాహ్నం ఎండలో కూర్చున్న ఆడవాళ్ళు ఆ మాటలు వింటూ, చీకటి పడిందేమో అన్నట్టు పిల్లల్ని దగ్గరికి లాక్కున్నారు. నాకూ అలాగే అనిపించింది. ఊరి వాళ్ళు నడుపుకోవలసిన పద్ధతి, కమిటీ, వంతులు, ఇవన్నీ నేను చెప్పాల్సి ఉంది. నేను నోరు విప్పేలోగానే చేతులన్నీ లేచిపోయాయి. సభ అంటే ఇలా జరగాలి అని సంబరపడిపోయాను.

పలకలు వచ్చాయి. బ్యాటరీలకు ఒక చిన్న గది కట్టారు. దీపాలు వెలిగాయి. ఊరి వాళ్ళు బాబాయికి దండ వేసి, పళ్ళెంలో అరటిపళ్ళు పెట్టి ఇచ్చారు. మేము ఇంకో ఊరి పనిలో పడిపోయాం.

వానలు వెళ్ళాక ఒకరోజు ఆ ఊరి పెద్దలు ముగ్గురు బస్సు ఎక్కి రాయగడ వచ్చారు. ఇల్లు అడుగుతూ అడుగుతూ మైకు బాబాయి వాకిట్లోకి వచ్చి, ఒక గుమ్మడికాయ అరుగు మీద పెట్టారు. దాని పక్కన బ్యాటరీ గది తాళంచెవి పెట్టారు. నేను ఆ వేళ అక్కడే ఉన్నాను. వాళ్ళ ముఖాల్లో కోపం లేదు. ఎరువు తెచ్చుకున్న గిన్నె కడిగి తిరిగి ఇవ్వడానికి వచ్చినంత మర్యాదగా ఉన్నారు.

"బాబూ, నీ కరెంటు ఆగిపోనాది. సానా రోజులైనాది. నువ్వు ఒస్తావని సూసేము, రాలేదు. నీ గది తాళం నీకు ఇచ్చీడానికొచ్చేము" అన్నాడు పెద్దాయన.

బాబాయి ఆ తాళంచెవిని ముట్టుకోలేదు. మర్నాడు మేమిద్దరం మా మెకానిక్కుని వెంటబెట్టుకుని ఆ ఊరు వెళ్ళాం. గది తలుపు తీస్తే ఒక తీగ కొస ఊడి వేలాడుతోంది. అంతే, ఇంకేమీ కాలేదు. మా మెకానిక్కు వేలితో నొక్కి బిగిస్తే దీపాలు వెలిగాయి. ఎవరైనా తలుపు తీసి చూస్తే కనిపించేదే. ఎవరూ తీయలేదు. మైకులో అంత బాగా చెప్పిన బాబుగారి గది కదా, ఆయన్ని అడక్కుండా ఎలా తీస్తారు? దీపాలు వెలగ్గానే జనం మళ్ళీ బాబాయికే దండం పెట్టారు. ఆయన దండం పెట్టే చేతుల వంక అలా చూస్తూ ఉండిపోయాడు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో కిటికీ వైపు తిరిగి, మంకీ క్యాపు ముఖం మీదికి లాక్కుని ఏడ్చాడు.

కొన్నాళ్ళకి ఆయనే చెప్పాడు. "కలొచ్చిందమ్మి. ఆటోలో ఎల్తన్నాను. ఈదులన్నీ మనయే, గుమ్మాలన్నీ తీసి ఉన్నాయి. ఒక్క ఇంట్లో మనిసి లేడు. నా గొంతే ఒక్కో ఇంట్లోంచీ తిరిగొచ్చీస్తన్నాది. ఆటో ఆపమంటే ఆ డ్రైవరు ఆపడు." తర్వాత, "ఆ ఊరోలు సేతులెత్తింది దీపానికి కాదు, నా గొంతుకి. ఒక్క ఊళ్ళో అయినా ఆలంతట ఆలు ఇది మాది అనుకోవాల. నాను సెప్పకండా అనుకోవాల. అది సూడాలమ్మి" అన్నాడు. ఆ తర్వాత ఆయనకి కావలసింది ఇంకేమీ లేదు, అదొక్కటే. మైకు తీసుకెళ్ళి మా ఆఫీసు అటక మీద పడేశాడు. మళ్ళీ దించమన్నా దించలేదు.

ఆ ఒక్క ఊరు ఆయనకి లక్ష్మీపూర్ దాటాక దొరికింది. అక్కడ కొండ దిగి కల్యాణసింగ్‌పూర్ వైపు పోయే కాలిబాటలో, వాగు ఒడ్డున ఓ గుప్పెడు ఇళ్ళు. వలిసె పూలు పూసే రోజుల్లో ఆ వాలంతా పసుపు పూసినట్టు ఉంటుంది. పొద్దున్న మంచు దిగితే ఇళ్ళు కనిపించవు, కోళ్ళ అరుపులు మాత్రం వినిపిస్తాయి. వాగు ఏడాది పొడుగునా పారుతుంది. దాని మీద ఒక చిన్న యంత్రం పెడితే ఊరంతటికీ దీపాలు, చోళ్ళు, అదే రాగులు, విసురుకోవడానికి ఒక మర వస్తాయి.

అక్కడికి ఆయన ఉత్త చేతుల్తో వెళ్ళేవాడు. "మైకుంటే ఇంటారమ్మి, మాట్టాడరు" అనేవాడు. ఏదో ఒక ఇంటి అరుగు మీద కూర్చునేవాడు. చోడంబలి ఇస్తే, తట్టకుండా, ఊదకుండా ఉండడానికి రెండు చేతులతో గట్టిగా పట్టుకుని తాగేవాడు. పసుపు ఎలా పండింది, అల్లానికి ధర ఉందా, ఎలుగుబంటి పనస చెట్టు దాకా వచ్చిందట కదా, ఇలా అన్నీ అడిగేవాడు. కరెంటు మాట ఎత్తేవాడు కాదు. మళ్ళీ కొన్నాళ్ళకి వెళ్ళేవాడు, మళ్ళీ అదే అరుగు, అదే అంబలి. ఊరి ఆడవాళ్ళు ఉండబట్టలేక నన్ను పక్కకి పిలిచి, "ఈ ముసలాయన కొడుక్కి మా ఊరి పిల్లని అడగడానికొచ్చేడేటి? అడగలేక తిరుగుతన్నాడా?" అని అడిగారు. నేను పడీ పడీ నవ్వాను. ఆయనకి చెబితే ఆయనా నవ్వి, "అలాగే అనుకోనీ" అన్నాడు.

ఆ ఊళ్ళో అందరూ ఆయి అని పిలిచే ముసలమ్మ ఒకామె ఉంది. ఒడియాలో ఆయి అంటే అమ్మమ్మ. సంతలో అల్లం అమ్మీ అమ్మీ, సాలూరు వర్తకుల దగ్గర తెలుగు నేర్చుకుంది. బాబాయి కూర్చునే అరుగు ఆమెదే. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకునేవారు కాదు. ఆమె అల్లం తొక్క గీరుతుంటే ఈయన చూస్తూ కూర్చునేవాడు. ఒక పూట ఈయన చేతిలోనూ ఒక చిప్ప పెట్టి గీరమంది. గీరాడు.

సభ రోజు రానే వచ్చింది. భువనేశ్వర్ నుంచి మా సంస్థ ఇంజినీరు గారు వచ్చారు. మంచివాడే, తొందర ఎక్కువ. ఊరి నడుమ పెద్దలు కూర్చునే రాతి పలకల దగ్గర జనం చేరారు. మగవాళ్ళు పలకల మీద, ఆడవాళ్ళు కాస్త వెనక నేల మీద. ఇంజినీరు గారు బొమ్మ గీసిన కాగితం పరిచి, కాలవ ఎక్కడ తీయాలో, యంత్రం ఎక్కడ పెట్టాలో చెప్పారు. నేను దేశియాలో, ఆ కొండ ఊళ్ళ ఒడియాలో, చెప్పాను. చెప్పడం అయింది. ఒకాయన చుట్ట వెలిగించాడు. ఒక కుక్క కాగితం మీదుగా నడిచి వెళ్ళింది.

"ఉన్నది ఒక్క యంత్రం. వానలు రాకముందే పని మొదలవ్వాలి. ఇవాళ వీళ్ళు ఒప్పుకోకపోతే వేరే ఊరికి ఇచ్చెయ్యాలి, నా చేతిలో లేదు" అని ఇంజినీరు గారు నాతో నెమ్మదిగా అన్నారు. తర్వాత బాబాయి వైపు తిరిగి, "మీరు ఒక్క మాట చెప్పండి. మీరు చెబితే వింటారని అందరూ అంటారు" అని బతిమాలారు.

నేనూ బతిమాలాను. "బాబాయ్, చీకట్లో ఉంటారు వీళ్ళు. ఒక్క మాట."

ఆయన చెయ్యి ఎడమ చెవి దాకా లేచింది. ఇక ఆ గొంతు వస్తుంది, కొండలు పలుకుతాయి, చేతులు లేస్తాయి, మేము జీపెక్కి వెళ్ళిపోతాం అనుకున్నాను. ఆ చెయ్యి చెవి దగ్గరే కాసేపు ఆగింది. ఆయన నుదుటి మీద చెమట పట్టింది. ఆకలిగా ఉన్న మనిషి ఎదుట విస్తరి వేసినప్పుడు ముఖం ఎలా ఉంటుందో అలా ఉంది ఆ ముఖం. అప్పుడు చెయ్యి దించేశాడు. లేచి, గొడుగు చంకన పెట్టుకుని, జనం మధ్యలోంచి నడిచి, వాగు వైపు వెళ్ళిపోయాడు.

అందరూ ఆయన వీపు వంక చూశారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎంత మొండి మనిషి అనుకున్నాను. ఎంతసేపు అలా కూర్చున్నామో తెలియదు. వాగు చప్పుడు ఒకటే వినిపిస్తోంది. అప్పుడు వెనక నుంచి ఆయి గొంతు వచ్చింది.

"ఆ గీసినకాడ కాలవ తీసీస్తే మా కింది మడికి నీలెలాగ ఒస్తాయి?"

పలకల మీద కూర్చున్న ఒకాయన, నీ ఒక్క మడి కోసం ఊరంతా చీకట్లో ఉండాలా అన్నాడు. నా ఒక్క మడేనా, నీ తమ్ముడి మడి కాదా అంది ఆయి. ఆ తమ్ముడు లేచాడు. ఇంకో ఆవిడ లేచి మర ఎవరి వాకిట్లో పెడతారో ముందు తేల్చమంది. పెద్దల పలకల దగ్గరికి ఆడవాళ్ళు వచ్చేశారు. ఎవరి మాట ఎవరికీ వినిపించడం లేదు. ఇంజినీరు గారు తన కాగితాన్ని చుట్టి గుండెకి హత్తుకున్నారు. నేను వాగు దగ్గరికి పరిగెత్తాను.

ఆయన నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని రాయి మీద కూర్చున్నాడు. నీళ్ళ మీద సాయంత్రం ఎండ పడి, ఆ వెలుతురు ఆయన ముఖం మీద కదులుతోంది.

"బాబాయ్, అక్కడ దెబ్బలాడుకుంటున్నారు! నువ్వు రా!"

"దెబ్బలాడుకుంటన్నారా?" అన్నాడు, నమ్మలేనట్టు. "నిజంగానే? గట్టిగానా?"

"గట్టిగానే. మడి అంటున్నారు, మర అంటున్నారు, కొట్టుకునేలా ఉన్నారు."

ఆయన ముఖం విచ్చుకుంది. "పక్కోడి వొస్తువు కోసం ఎవులైనా దెబ్బలాడుకుంటారేటమ్మి? కూకో. సల్లగా ఉన్నాయి నీలు. కాలెట్టు."

ఆ సాయంత్రం ఏమీ తేలలేదు. వీళ్ళకి ఇష్టం లేనట్టుంది అని ఇంజినీరు గారు వెళ్ళిపోయారు. రాయగడ చేరేదాకా నేను బాబాయిని తిడుతూనే ఉన్నాను. "ఒక్క మాట అంటే అయిపోయేది కదా!" అన్నాను. "అయిపోయేది. అందుకే అన్లేదు" అన్నాడు. కాసేపటికి మళ్ళీ ఆయనే, చాలా చిన్నగా, "ఆలకి దీపం రాకపోతే అది నా మూలాన్నే. అది నాకు తెల్దనుకోకు" అన్నాడు.

ఆ తర్వాత సంతరోజున మేమిద్దరం లక్ష్మీపూర్‌లో ఉన్నాం. వెళ్ళవలసిన పని ఏమీ లేదు. నాలుగు గింజలు కొనాలి అని ఆయన నన్ను బయలుదేరదీశాడు కానీ ఏమీ కొనలేదు, అల్లం అమ్మే వరసలో అటూ ఇటూ తిరుగుతున్నాడు. ఆయి బుట్ట ముందు కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి పలకరింపు కూడా లేకుండా మొదలుపెట్టింది.

"కాలవ తవ్వుతన్నాము. సగం అయిపోనాది. మీ యంత్రం ఎప్పుడొస్తాది?"

నాకు అర్థం కాలేదు. "ఏ కాలవ?"

"ఏ కాలవేటి? మా కాలవ. మీవోడు గీసినకాడ కాదు. పైన రాతికాడ నీలు తీసి, మడి కంటే ముందే మల్లీ వాగులోకి ఒదిలీసీలాగ తవ్వుతన్నాము. మూడు పూటలు తగువులాడి తేల్చేము. మర ఎవులింటికాడన్నది మాత్రం, సెప్పడం మర్సిపోయేను, ఇంకా తేలలేదు."

నేను పక్కకి తిరిగి చూస్తే బాబాయి లేడు. ఎదుటి బట్టల దుకాణంలో తువ్వాళ్ళు చూస్తున్నాడు. ఒక తువ్వాలు విప్పి ముఖానికి అడ్డంగా పట్టుకుని చాలాసేపు దాని నేత పరీక్షించాడు. దుకాణదారు "కొంటావా, ఏడుస్తావా?" అని ఒడియాలో కసిరాడు. కొన్నాడు.

ఇంజినీరు గారిని ఫోనులో బతిమాలి, మళ్ళీ కొండెక్కించాను. కాలవ చూసి ఆయన తల గోక్కున్నారు. ఇలా వంకర తిప్పితే నీటి పోటు తగ్గుతుంది, దీపాలు కాస్త మందంగా వెలుగుతాయి అన్నారు. నిజమే, ఇప్పటికీ మందంగానే వెలుగుతాయి. "ఎలగనీ. మడి ఎండిపోకూడదు" అంది ఆయి. యంత్రం ఆ ఊరికే వచ్చింది.

దీపాలు వెలిగించే రోజున బాబాయి రానన్నాడు. నేను ఎంత లాగినా కదలలేదు. "నానెల్తే దండేస్తారమ్మి. దండేసీసేరంటే ఇంక అది నాదైపోతాది" అన్నాడు. ఆ తర్వాత కూడా వెళ్ళలేదు. ఆ ఊరు వెలగడం ఆయన ఒక్కసారి కూడా చూడలేదు. నేను వెళ్ళి వచ్చిన ప్రతిసారీ మాత్రం మా కొట్టు అరుగు మీద కాచుకుని ఉండేవాడు.

"ఎలుగుతన్నాదా?"

"వెలుగుతోంది బాబాయ్. తీగ తెగితే వాళ్ళే కట్టుకున్నారు. మరకి వంతులు పెట్టుకున్నారు."

"నా కోసం ఎవులైనా అడిగేరా?"

"లేదు."

"మంచిది. సానా మంచిది" అని టీ గ్లాసుని తట్టి ఊది, హాయిగా తాగేవాడు. అడగలేదంటే అవసరం పడలేదని. తాళంచెవి పట్టుకుని ఎవరూ బస్సెక్కలేదని.

మొదట్లో ఆ "మంచిది" నిజంగా మంచిదే. ఏళ్ళు గడిచేకొద్దీ అందులో ఏదో సన్నబడుతూ వచ్చింది. ఆయన కోరుకున్నది అదే, జరిగిందీ అదే. కానీ మనిషి కదా. ఆ అరుగు మీద అన్ని పూటలు అంబలి తాగినవాడు, అల్లం గీరినవాడు. పోవడానికి కొద్ది రోజుల ముందు, ఈసారి దీపం సంగతి అడగనే లేదు. "ఒక్కపాలైనా అడగలేదేటమ్మి? ఆ ముసల్ది కూడా?" అన్నాడు. అబద్ధం చెబుదామనుకున్నాను. ఆయన ముఖం చూస్తూ చెప్పలేకపోయాను. "లేదు బాబాయ్" అన్నాను. తల ఊపాడు. "మంచిదే" అన్నాడు. అంత పెద్ద గొంతులోంచి అంత చిన్న మాట రావడం నేను ఎప్పుడూ వినలేదు.

దహనం అయిన మర్నాడు నేను ఆ ఊరు బయలుదేరాను. అక్కడ ఫోను సిగ్నల్ ఉండదు, మనిషి వెళ్ళి చెప్పాల్సిందే. చెప్పి తీరాలని కూడా ఉంది. కొంచెం కోపంగానే వెళ్ళాను. ఎండ నడినెత్తికి వచ్చేసరికి చేరాను. ఆయి అరుగు మీద అల్లం ఆరబోస్తోంది.

"బాబాయి పోయాడు ఆయీ" అన్నాను.

ఆమె చేతులు ఆగాయి. "ఎలాగ?" అంది. నిద్రలో పోయాడని చెప్పాను. "బాధ పడలేదు కదా?" అంది. లేదన్నాను. "అలాగా" అని లేచి, ఇంట్లోకి వెళ్ళి, ఇంటాయనతో ఏదో చెప్పింది. ఆయన భుజాన తువ్వాలు వేసుకుని బయటికి వెళ్ళిపోయాడు. ఇద్దరు ముగ్గురు వచ్చి, కొరివి ఎవరు పెట్టారు, ముసలామె ఎలా ఉంది అని అడిగి వెళ్ళారు. అంతే. ఎవరూ ఏడవలేదు. ఆయి మళ్ళీ వచ్చి ఆరబోసిన అల్లం అంతా బుట్టలోకి ఎత్తేసింది. ఒక్క కన్నీటి చుక్కకి కూడా నోచుకోలేదు కదా బాబాయ్ అనుకుని, నేను అవతలికి తిరిగి ముక్కు చీదుకున్నాను.

కొండ దిగే జీపు తప్పిపోయింది. ఆ పూటకి అక్కడే ఉండిపోయాను. పొద్దు వాలింది. వాలులోంచి మంచు నెమ్మదిగా పైకి వస్తోంది. రోజూ ఆ వేళకి చూరు కింద బల్బులు ఒకటొకటిగా పచ్చగా కళ్ళు విప్పేవి. ఆ సాయంత్రం ఒక్కటీ వెలగలేదు. చూస్తుండగా ఇళ్ళు మంచులోనూ చీకట్లోనూ కలిసిపోయాయి. పాడైపోవడానికి ఈ రోజే దొరికిందా దీనికి అని నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఇన్నాళ్ళూ ఆయనకి నేను చెప్పినదంతా అబద్ధమైపోతున్నట్టు తోచింది.

"తీగ ఊడిపోయిందా ఆయీ? ఎవరూ చూడరేం?" అని అడిగాను.

"తీగ బాగానే ఉంది. మావోలు మజ్జాన్నమే ఎల్లి కాలవకి చెక్క పలక అడ్డం ఏసీసేరు."

"ఎందుకు?"

ఏమీ తెలియని పిల్లని చూసినట్టు నన్ను చూసింది. "మా ఊరి మనిసి పోతే ఆ రోజు అరక కట్టం, రోట్లో రోకలి ఎయ్యం. యంత్రం ఒక్కటీ తిప్పుతామేటి?"

వాగు నీళ్ళు ఏ అడ్డూ లేకుండా తమ పాత దారినే పోతున్న చప్పుడు వినిపిస్తోంది. ఏ ఇంట్లోనూ ఎవరూ గొంతెత్తి మాట్లాడడం లేదు.

"మరి ఇన్నేళ్ళలో ఆయన గురించి ఒక్కసారైనా అడగలేదేం ఆయీ? ఎలా ఉన్నాడని కూడా అడగలేదే?"

"అడగడానికేటున్నాది?" అంది ఆయి. "సుట్టాలైతే అడుగుతాం. ఇంటి మనిసి ఒచ్చినప్పుడు ఒస్తాడనుకుంటాం."

ఇక ఆగలేకపోయాను. ఆ చీకట్లో మోకాళ్ళ మీద తల పెట్టుకుని గట్టిగా ఏడ్చాను. ఈ మాట నాకు కాదు, ఆయనకి కావాలి. ఆయి వచ్చి పక్కన చాప వేసుకుని కూర్చుంది. కొంగుతో ముఖం తుడుచుకుంటోందని చప్పుడుని బట్టి తెలిసింది. చాలాసేపటికి నా వీపు మీద చెయ్యి వేసింది.

"ఏడు అమ్మి, ఈయేల ఏడీసుకో" అంది. "రేపు పొద్దున్న పలక తీసీస్తాము."